శనివారమని చెప్పింది ఒక్కరికే

“మీరు మూడుకి దిగుతారని మాకు తెలుసు సిస్టర్. ఇంకా రెండు, రెండు అని ఈ పట్టుదల ఎందుకు చెప్పండి?”

పళ్ళపొడి ఆ మాట నవ్వుతూ అన్నాడు. ఆసుపత్రిలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజరు ఆయన. సెలవు కొట్టేసినా, ఉద్యోగం పీకేసినా పళ్ళన్నీ బయటపెట్టే చేస్తాడు గనక నర్సులు ఆ పేరు పెట్టుకున్నారు.

బల్లకి ఇవతల కూర్చున్న పెద్ద సిస్టరుకి ఆ మాట సూటిగా తగిలింది. ముఖంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. ఐసీయూలో జుట్టు నెరిసిన మనిషి. మానిటరు మీద గీత పడిపోతున్నప్పుడు కూడా పక్కనున్న బంధువులకి తెలియకుండా మామూలుగా నిలబడగలదు.

“మీకెవరు చెప్పారండీ?” అంది.

“ఒకరు చెప్పాలా? అనుభవం మీద ఊహించాం.”

“ఊహలతో ఆసుపత్రి నడపబట్టే ఒక్కో నర్సు నెత్తిన నలుగురు పేషెంట్లు పడుతున్నారు,” అని అందుకుంది పక్కనే ఉన్న చిన్ని. “మీ ఊహలకి డ్యూటీలు వేసి, మమ్మల్ని ఇంటికి పంపించకూడదూ?”

చిన్ని పెద్ద సిస్టరుకి ఆడపడుచు. భర్తకి సొంత చెల్లెలు. అదే ఐసీయూలో నర్సు. వదిన ఉద్యోగం చూసి ఈ చదువులోకి వచ్చింది, వదిన యూనియను చూసి ఈ గొడవలోకి వచ్చింది. నోరు మాత్రం తన సొంతం.

వాళ్ళకి అటు పక్కన ఆపరేషను థియేటరు నర్సు. ఎదుటి మనిషి మాట పూర్తికాకుండానే కత్తిరించేస్తాడని అతన్ని కత్తెర అంటారు. ఆ చివర పిల్లల వార్డు సిస్టరు. ఎవరు గట్టిగా మాట్లాడినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, కానీ ఆమె చెయ్యెత్తితే వార్డుకి వార్డే చెయ్యెత్తుతుంది. ఈ నలుగురూ నర్సుల తరఫున కొత్త ఒప్పందం మాట్లాడడానికి ఎన్నికైనవాళ్ళు.

జీతం దగ్గర పేచీ అప్పటికే సగం తేలిపోయింది. మేనేజ్‌మెంటు ఎంతో కొంత పెంచుతానంది. చిక్కంతా ఒక్క వాక్యం దగ్గరే ఉంది. ఐసీయూలో ఒక నర్సుకి ఇద్దరే పేషెంట్లు. అంతకు మించి ఇవ్వకూడదు. పెద్ద సిస్టరు ఆ వాక్యం కోసమే బల్ల దగ్గరికి వచ్చింది. కిందటి చలికాలం ఒక నర్సు ఒక ముసలావిడ గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతుంటే, రెండు బెడ్ల అవతల ఒక కుర్రాడి ఊపిరి గొట్టం ఊడిపోయింది. అలారం ఆమెకి వినిపిస్తూనే ఉంది. చేతులు తీస్తే ఈవిడ పోతుంది, తియ్యకపోతే వాడు పోతాడు. తియ్యలేదు. వాడు పోయాడు. విచారణలో ‘నర్సు నిర్లక్ష్యం’ అని రాశారు. ఆ పిల్ల ఉద్యోగం మానేసి ఇప్పుడొక బట్టల కొట్లో చీరలు మడతపెడుతోంది.

అందుకని రెండు. బేరం మరీ తెగకపోతే రాత్రి డ్యూటీల్లో మాత్రం మూడు. ఆ ‘మూడు’ అన్నమాట ఇంతవరకూ కాగితం మీద లేదు. వాళ్ళ నలుగురి నోట్లోనే ఉంది.

మరి పళ్ళపొడికి ఎలా తెలిసింది?

*

“మనలోనే ఎవరో ఉప్పందిస్తున్నారు,” అన్నాడు కత్తెర మెట్లు దిగుతూ. “చూడు, ఇది మొదటిసారి కాదు. మొన్న యూనిఫాం అలవెన్సు వదిలేద్దామనుకున్నాం. మర్నాడే వాడు అదే అడిగాడు.”

“నన్ను చూస్తావేంటి?” అని పిల్లల వార్డు సిస్టరు అప్పుడే ముక్కు ఎగబీల్చింది.

“నిన్ను కాదులేమ్మా. నీకు రహస్యం చెబితే ముందు నీ ఏడుపే చెప్పేస్తుంది.”

“కత్తెరన్నయ్యా, నీ సంగతో?” అంది చిన్ని. “పళ్ళపొడితో క్యాంటీన్లో టీ తాగావట.”

“వాడే వచ్చి కూర్చున్నాడు! టీ డబ్బులు కూడా నా చేతే ఇప్పించాడు!”

అందరూ నవ్వారు. పెద్ద సిస్టరు నవ్వలేదు. సమ్మె నోటీసు గడువు దాటిపోయింది. ఇక ఏ రోజు మొదలుపెట్టాలన్నది కమిటీ ఆమెకే వదిలేసింది. ఆ రోజు ముందుగా బయటికి పొక్కితే మేనేజ్‌మెంటు బయటినుంచి నర్సుల్ని దింపుతుంది, సమ్మె పొద్దున్నే చచ్చిపోతుంది. దొంగ దొరక్కుండా రోజు పెట్టడమంటే తలుపు తీసి పడుకోవడమే.

ఆ సాయంత్రానికి ఆమె ఒక పథకం వేసుకుంది. ముగ్గురికీ మూడు వేర్వేరు రోజులు చెప్పాలి. బయటి నర్సులు ఏ రోజుకి దిగితే, ఆ రోజు ఎవరికి చెప్పిందో ఆ మనిషే దొంగ.

కత్తెరకి థియేటరు బయట చేతులు కడుక్కునే చోట చెప్పింది. మంగళవారం. పిల్లల వార్డు సిస్టరుకి లిఫ్టులో చెప్పింది. గురువారం. ఎవరితోనూ అనొద్దని ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

చిన్నికి చెప్పనా వద్దా అని మాత్రం ఒక రోజంతా తటపటాయించింది. ఒకే ఇల్లు, పై గది చిన్నిది. గుడికి వెళ్ళినా, సినిమాకి వెళ్ళినా ఇద్దరూ కలిసే వెళ్తారు. అయినా ఒక్కరిని వదిలేస్తే పరీక్ష పరీక్ష కాదు కదా అనుకుంది.

*

ఆరో బెడ్డు మీద గడియారం తాత ఉన్నాడు. ఊపిరితిత్తులు చెడి వచ్చాడు. బజార్లో చిన్న కొట్టు పెట్టుకుని జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. గొంతుకి చిల్లు పెట్టి గొట్టం వేశారు, వెంటిలేటరు ఊపిరి పోస్తోంది. మత్తు మందు బాగా తగ్గించినా ఇంకా కళ్ళు మూసుకునే ఉంటాడు.

ఆయన కూతురు మంచం పక్కనే కుర్చీలో ఉంది. విజిటర్ల టైము అయిపోయినా ఉండడానికి ఆమెకి పాసుంది.

“అమ్మా, కాసేపు బయటికెళ్ళండి. నాన్నగారిని పక్కకి తిప్పాలి,” అంది పెద్ద సిస్టరు. ఒకే వైపు పడుకుంటే వీపు పుండ్లు పడుతుంది. రెండేసి గంటలకి ఒకసారి ఇద్దరు నర్సులు చెరో పక్క నిలబడి పేషెంటుని తిప్పాల్సిందే. “మళ్ళీ వచ్చాక ఆయనతో మాట్లాడుతూ ఉండండి. పలకకపోయినా అన్నీ వింటారు.”

“అలాగే సిస్టర్,” అని కూతురు వెళ్ళిపోయింది.

చిన్ని చుట్టూ తెర లాగేసింది. ఐసీయూలో నలుగురు నర్సులకి ఏకాంతం దొరికే చోటంటూ ఉంటే అదొక్కటే. తెర లోపలికి డాక్టరు రాడు, బంధువు రాడు, మేనేజరు అసలే రాడు. మొగుడి మీద చాడీ, అత్త మీద కోపం, ఎవరి కడుపు పండింది, ఎవరి పెళ్ళి చెడింది, అన్నీ ఆ తెరల వెనకే, పేషెంటు నడుము మీదుగా అటూ ఇటూ పోతుంటాయి. యూనియను సంగతులూ అంతే.

“నువ్వు భుజం పట్టు. నేను నడుం పడతాను,” అంది పెద్ద సిస్టరు.

“ఎప్పుడూ బరువైన వైపు నాకే తోస్తావు వదినా. అన్నయ్యని కూడా ఇలాగే నా మీదికి తోసి నువ్వు పుట్టింటికెళ్తావు.”

“మీ అన్నయ్య బరువు నేను మొయ్యలేకే కదే.”

“మొన్న ఉప్మా నేనే చేశాను. మీ ఆయన తిని, మా ఆవిడ చేసినట్టే ఉందన్నాడు. అంటే తిట్టాడా పొగిడాడా?”

“తిట్టాడు.”

చిన్ని పకపకా నవ్వింది. ఒకటి, రెండు, మూడు అనుకుని ముసలాయన్ని ఎడమ పక్కకి ఒత్తిగిలబెట్టారు. వీపు వెనక దిండు దోపుతూ, పెద్ద సిస్టరు గొంతు తగ్గించింది.

“చిన్నీ. శనివారం. పొద్దున డ్యూటీ ఎక్కే టైముకి. అందరం బయటికి వచ్చేద్దాం. ఎవ్వరికీ చెప్పకు.”

“కత్తెరకి కూడానా?”

“నీకొక్కదానికే చెప్పాను.”

చిన్ని ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసింది. తనని నమ్మినందుకు పొంగిపోయిన చూపు అది. “ఈ గొంతులోంచి బయటికి రాదు వదినా,” అంది.

*

సోమవారం ఏమీ జరగలేదు. మంగళవారం గడిచిపోయింది. కత్తెర వచ్చి ఏమైందని అడిగితే, “రోజు మారింది, మళ్ళీ చెప్తాను,” అంది. బుధవారం ఆసుపత్రి గేటు వైపు చూస్తూనే గడిపింది. గురువారం పిల్లల వార్డు సిస్టరుకీ అదే జవాబు చెప్పింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా. దొంగ ఎవరూ లేరేమో, పళ్ళపొడి నిజంగానే ఊహించాడేమో.

శుక్రవారం మధ్యాహ్నం రెండు వ్యాన్లు వెనక గేటులోంచి వచ్చాయి. ఐసీయూ కిటికీలోంచి ఆమె చూసింది. కొత్త యూనిఫాంల్లో, చేతిలో పెట్టెలతో ఆడపిల్లలు దిగుతున్నారు. పళ్ళపొడి ఎదురెళ్ళి వాళ్ళని సెమినారు హాల్లోకి తీసుకెళ్తున్నాడు.

“ఎవరమ్మా వీళ్ళు?” అని అడిగింది లాండ్రీ బండి తోసుకెళ్తున్న ఆయాని.

“రేపటినుంచి డ్యూటీకట సిస్టర్. రేపు పొద్దున్నే అందర్నీ వార్డుల్లోకి పంపిస్తారట.”

రేపు శనివారం.

పెద్ద సిస్టరు దిగినవాళ్ళని ఒక్కొక్కరినే లెక్కపెట్టింది. కిటికీ చట్రం పట్టుకుని నిలబడింది. వెనకనుంచి చిన్ని గొంతు వినబడుతోంది. మూడో బెడ్డు పేషెంటుతో ఏదో పరాచికాలాడుతోంది. ఆ గొంతు వింటుంటే ఒళ్ళంతా మంట పుట్టింది.

యూనియను మీటింగు ఒక పుస్తకాల షాపు మీది హాల్లో పెట్టుకుంటారు. ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. పెద్ద సిస్టరు లేచి, తన పథకం మొత్తం విప్పి చెప్పింది. కత్తెరకి ఏ రోజు, పిల్లల వార్డు సిస్టరుకి ఏ రోజు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

“శనివారమని నేను చెప్పింది ఒక్కరికే,” అంది. “నా ఆడపడుచుకి.”

హాలు హాలంతా ఒక్కసారి తల తిప్పింది. చిన్ని కుర్చీలోంచి లేచింది.

“నేను చెప్పలేదు వదినా.”

“మరి గాలికి తెలిసిందా?”

“నాకు తెలీదు. నేను మాత్రం చెప్పలేదు.”

“ఏమిచ్చాడేం పళ్ళపొడి?” అని వెనకనుంచి ఎవరో అరిచారు. “ప్రమోషనా?”

“సొంత వదినకే టోపీ పెట్టింది, మనమెంత!”

చిన్ని వాళ్ళవైపు చూడలేదు. పెద్ద సిస్టరు ఒక్కదాన్నే చూస్తూ, “నీకు చిన్నప్పటినుంచీ తెలుసు నేను,” అంది. “పెళ్ళిలో నీ కొంగు పట్టుకుని తిరిగినదాన్ని. నన్ను పక్కకి పిలిచి ఒక్క మాట అడగలేకపోయావా? పోనీ ఇంట్లో అడగలేకపోయావా? మెట్లెక్కితే నా గది.”

పెద్ద సిస్టరు హాలు వైపు తిరిగింది. ఆమె దగ్గర ఉన్నదల్లా రుజువు. “కమిటీలోంచి, యూనియన్లోంచి తీసెయ్యాలనేవాళ్ళు చేతులెత్తండి,” అంది. చేతులు లేచాయి. అన్నీ లేవలేదు. ఐసీయూ నర్సుల్లో సగం మంది చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు. అయినా సరిపోయాయి.

చిన్ని యూనియను బ్యాడ్జి తీసి కుర్చీలో పెట్టి, అందరి మధ్యనుంచి నడిచి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళేసరికి పై గదిలోంచి సామాను కిందికి దిగుతోంది. పెద్ద సిస్టరు భర్త ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

“మీరైనా చెప్పండి, నేను చేసినదాంట్లో తప్పేముంది?” అంది ఆమె.

“నువ్వు రుజువు చూసుకున్నావు,” అన్నాడాయన పెట్టె కింద పెట్టకుండానే. “నేను చెల్లెల్ని చూసుకుంటున్నాను. తప్పుకో, బరువుగా ఉంది.”

*

శనివారం సమ్మె లేదు. ఆదివారమూ లేదు. చిన్నిని యూనియన్లోంచి పంపించేశాక ఐసీయూ రెండు ముక్కలైంది. “మాకు ఆ అక్క ఎలాంటిదో తెలుసు,” అని కొంతమంది బ్యాడ్జీలు తిరిగి ఇచ్చేశారు. మిగిలినవాళ్ళు వాళ్ళతో మాట్లాడడం మానేశారు. చిన్ని డ్యూటీకి వస్తూనే ఉంది. ఆమెతో కలిసి పేషెంటుని తిప్పడానికి కూడా ఎవరూ రావడం లేదు. అన్నం డబ్బా విప్పితే పక్క కుర్చీ ఖాళీ.

ఇది చూసి పళ్ళపొడి కొత్త ముసాయిదా పంపించాడు. జీతం కొంచెం పెంచాడు. ఐసీయూ వాక్యం మాత్రం ఇలా ఉంది: ‘వీలైనంతవరకు ఒక నర్సుకి ఇద్దరు పేషెంట్లు.’

“వీలైనంతవరకు అంటే ఎంతవరకు?” అన్నాడు కత్తెర. “దేవుడు దిగొచ్చేంతవరకు.”

దాని మీద ఓటు మర్నాడు సాయంత్రం. వద్దని ఓటేస్తే సమ్మె. పెద్ద సిస్టరు లెక్క చూసుకుంది. ఐసీయూ మళ్ళీ ఒక్కటైతే తప్ప సమ్మె నిలబడదు.

ఓటు రోజు పొద్దున డాక్టరు రౌండ్లకి వచ్చి, గడియారం తాతకి ఇక మాట్లాడే వాల్వు పెట్టొచ్చన్నాడు. గొంతు గొట్టానికి బిగించే చిన్న మూత అది. ఊపిరి లోపలికి తీసుకోనిస్తుంది, బయటికి వదిలే గాలిని గొంతు గుండా పంపిస్తుంది. నెలలపాటు మూగగా పడున్నవాళ్ళు దాంతో మొదటి మాట మాట్లాడతారు. ఐసీయూలో ఎవరికైనా కాస్త సంతోషం కలిగే పని అదొక్కటే. పెద్ద సిస్టరు తనే చేస్తానంది. కూతుర్ని కూడా పిలిచింది.

ముసలాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె గొట్టం చుట్టూ ఉండే బుడగలో గాలి తీసేసి, మూత బిగించి, “ఇప్పుడు మాట్లాడండి తాతగారూ. మీ అమ్మాయి పేరు చెప్పండి చూద్దాం,” అంది.

ముసలాయన దగ్గాడు. గరగరమంది గొంతు. కూతుర్ని చూడలేదు, పెద్ద సిస్టరు వెనక ఎవరికోసమో వెతికాడు.

“ఆ రెండో అమ్మాయి... ఏదమ్మా?”

“ఎవరు తాతగారూ?”

“వదినా, వదినా అని... జోకులేసేది. నాకు నవ్వొచ్చేది. నవ్వలేకపోయేవాణ్ణి.”

పెద్ద సిస్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఉప్మా...” అన్నాడు ముసలాయన, పెదవి కొంచెం వంకరపోయింది, అదే ఆయన నవ్వు. తర్వాత ఆ నవ్వు పోయింది. “శనివారం అందరూ వెళ్ళిపోతామన్నారు. నా మిషను... ఎవరు చూస్తారు? కదల్లేను. పిలవలేను. ఎంత భయపడ్డానో తెలుసా అమ్మా?”

ఐసీయూని ఖాళీ చెయ్యడం అనేది వాళ్ళ ఊహలో కూడా లేదు. సమ్మె రోజున ఐసీయూలో సరిపడా నర్సులు ఉంటారని నోటీసులో మొట్టమొదటి వాక్యమే రాశారు. కానీ ఆ సంగతి అందరికీ తెలిసిందే గనక, ఆ తెర వెనక ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆయన విన్నది ‘అందరం బయటికి’ అన్నదొక్కటే.

“మీరు ఎవరితో చెప్పారు?” అనడిగింది.

కూతురు జవాబు చెప్పింది. “నాతో. మత్తు తగ్గినప్పటినుంచీ సాయంత్రాలు పెదాలు కదుపుతారు. నాకు అర్థమవుతుంది. ఒక్కో నర్సుకి ముగ్గురు పేషెంట్లని మీరు అనుకున్నారని చెబితే, భయమేసి ముందు మేనేజరు గారి దగ్గరికెళ్ళాను. ఆయన మంచినీళ్ళిచ్చి, భయపడకండి, ఇంకేమైనా తెలిస్తే చెప్పండి, నాన్నగారి దగ్గర ఎంతసేపైనా కూర్చోండి అని పాసిచ్చారు. శనివారం వెళ్ళిపోతున్నారని తెలిశాక ఏడుస్తూ మళ్ళీ వెళ్ళాను.” ఆమె పెద్ద సిస్టరు ముఖం చూసి బెదిరిపోయింది. “తప్పు చేశానా సిస్టర్? మాట్లాడుతూ ఉండండి, అన్నీ వింటారు అని మీరే కదా చెప్పారు?”

“తప్పు చెయ్యలేదమ్మా,” అంది పెద్ద సిస్టరు. “మీరు చెయ్యలేదు.”

*

పళ్ళపొడి ఆమెని చూడగానే విషయం తెలిసిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

“పేషెంటు కూతురి చేత మా మీద నిఘా పెట్టించారు,” అంది ఆమె. “బయటపెడతాను.”

“పెట్టండి. నేనేం దాచలేదే.” పళ్ళన్నీ కనిపించాయి. “సీరియస్‌గా ఉన్న పేషెంటు మంచం మీదుగా నర్సులు సమ్మె కబుర్లు చెప్పుకుని, ఆయన్ని చచ్చేంత భయపెట్టారు. పేపర్లవాళ్ళకి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది? నర్సింగ్ కౌన్సిలుకి ఇంకా బాగుంటుంది. రిజిస్ట్రేషను మీదొక్కటే పోదు సిస్టర్. ఆ రెండో మనిషిది కూడా. సంతకం చేసెయ్యండి. నేనూ మర్చిపోతాను, మీరూ మర్చిపోండి.”

ఆమె బయటికొచ్చి తిన్నగా చిన్ని అద్దెకి తీసుకున్న గదికి వెళ్ళింది. తలుపు తీసిన చిన్ని లోపలికి రమ్మనలేదు. పెద్ద సిస్టరు గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది. దాచుకోకుండా, మింగకుండా చెప్పింది. చెయ్యి పట్టుకోబోతే చిన్ని వెనక్కి తీసుకుంది.

“అయితే ఇప్పుడు తెలిసిందన్నమాట,” అంది చిన్ని. “ఆ ముసలాయన చెబితే తెలిసింది. నేను చెబితే తెలీలేదు.”

“సాయంత్రం మీటింగుకి రా చిన్నీ. ఇద్దరం కలిసి చెబుదాం. తప్పు ఇద్దరిదీ అని ఒప్పుకుందాం. నువ్వొస్తే ఐసీయూ అంతా వస్తుంది. సమ్మె నిలబడుతుంది.”

“నన్ను తోసేటప్పుడు ఒక్కదాన్నే తోశావు. గోతిలోకి దిగడానికి మాత్రం తోడు కావాలా?”

“రెండు బెడ్ల కోసమే...”

“నాకు తెలుసు దేనికోసమో. నీకంటే తక్కువేం కాదు నాకు. ఆ కుర్రాడు పోయినరోజు పక్క బెడ్డు దగ్గర ఇంకో పేషెంటుని వదల్లేక చూస్తూ ఉండిపోయింది నేను.” చిన్ని కళ్ళు తుడుచుకోలేదు, అవి పొడిగానే ఉన్నాయి. “సూపర్‌వైజరు పోస్టుకి పళ్ళపొడి రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ పొమ్మన్నాను. ఇవాళ పొద్దున ఒప్పుకున్నాను. మీరందరూ నన్ను వాళ్ళ మనిషన్నారు. మీలో ఒక్కరూ నా పక్కన కూర్చుని అన్నం తినలేదు. వాళ్ళు కుర్చీ వేశారు. కూర్చున్నాను.”

తలుపు వేసుకుంది. మెల్లగానే వేసుకుంది.

*

హాల్లో పెద్ద సిస్టరు ఆ సంగతి చెప్పకుండా ఊరుకోవచ్చు. కత్తెర కూడా అదే అన్నాడు, ఆమెని మూలకి లాక్కెళ్ళి. “ఇప్పుడు చెబితే చెడుతుంది. ముందు ఓటు కానీ. చిన్ని సంగతి తర్వాత చూద్దాం.”

“తర్వాత అంటే ఎప్పుడు? దాని మీద ఈ మచ్చ ఇంకెన్నాళ్ళు?”

“రెండు బెడ్లు కావాలా, ఆడపడుచు కావాలా?”

ఆమె అతని చెయ్యి విడిపించుకుని, ముందుకెళ్ళి చెప్పేసింది. చిన్ని ఏ పాపం ఎరగదు. పొరపాటు తనది. ఆరో బెడ్డు మీదుగా తనే చెప్పింది, ఆయన విన్నాడు.

కోపంతో అరుస్తారనుకుంది. ఎవరూ అరవలేదు. అది ఆమె ఊహించనిది. హాలంతా తలలు వంచుకుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి భయపడ్డారు. ఎందుకంటే అక్కడున్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక బెడ్డు మీదుగా ఏదో ఒకటి మాట్లాడినవాళ్ళే. ఎవరి పేషెంటు ఏం విన్నాడో, ఎవరి కూతురితో ఏం చెప్పాడో.

“కౌన్సిలుకి వెళ్తే విచారణ అందరి మీదా పెడతారా?” అని ఎవరో చిన్నగా అడిగారు.

“పక్కటెముకలు విరిగిన నా పేషెంటు మొన్నే డిశ్చార్జయ్యాడు,” అంది ఇంకొకామె, ఎవరితోనో కాదు, తనలో తను. “దేవుడా.”

పిల్లల వార్డు సిస్టరు ఏడుస్తూనే లేచింది. “గొడవ పెద్దది కాకముందే సంతకం చేసేద్దాం,” అంది. “జీతం పెంచారు కదా.” ఆమె చెయ్యెత్తింది. వార్డుకి వార్డే ఎత్తింది. తర్వాత మిగతా వార్డులు. వద్దన్నవాళ్ళలో పెద్ద సిస్టరు, కత్తెర, ఇంకా వెనక వరసలో కొంతమంది మిగిలారు.

కత్తెర ఆమె వైపు తిరిగి, మొదటిసారిగా, తన మాటే సగంలో ఆపేశాడు.

*

కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు పొద్దున ఐసీయూ బోర్డు మీద పెద్ద సిస్టరు పేరు ఎదురుగా నాలుగు బెడ్ల నంబర్లున్నాయి. రాసింది కొత్త సూపర్‌వైజరు.

పదకొండింటికి రెండో బెడ్డు పేషెంటు బీపీ పడిపోయింది. పెద్ద సిస్టరు మందు ఎక్కిస్తుండగా ఐదో బెడ్డు వెంటిలేటరు అలారం మొదలైంది. గొట్టంలో కఫం అడ్డుపడింది, ఆ మోత వింటేనే తెలిసిపోతుంది. సిరంజి వదిలితే ఇక్కడ గుండె ఆగిపోతుంది. వదలకపోతే అక్కడ ఊపిరి ఆగిపోతుంది.

“ఎవరైనా ఐదుకి వెళ్ళండి!” అని అరిచింది.

ఎవరి చేతులూ ఖాళీగా లేవు. బోర్డు దగ్గర నిలబడ్డ చిన్ని చేతిలో ఫైలు కింద పడేసి పరుగెత్తింది. సూపర్‌వైజరు పేషెంటుని ముట్టుకోకూడదు, ఆ పని నర్సులది అని కొత్త నియమాల్లో రాసుంది. చిన్ని చేతి తొడుగులు తగిలించుకుని, గొట్టంలోకి సక్షన్ పైపు దింపి, కఫం లాగేసింది. మోత ఆగింది. పేషెంటు ఛాతీ మళ్ళీ లేచింది.

ఇద్దరు పేషెంట్లూ నిలదొక్కుకున్నాక, పెద్ద సిస్టరు చెమట తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది.

“చిన్నీ...”

“నీ కోసం రాలేదు,” అంది చిన్ని తొడుగులు లాగి చెత్తబుట్టలో వేస్తూ. నేలమీది ఫైలు తీసుకుంది. బోర్డు దగ్గరికెళ్ళి, పెద్ద సిస్టరు పేరు ఎదురుగా ఇంకో నంబరు రాసింది. రాస్తున్నప్పుడు చెయ్యి ఒక్కసారి ఆగింది, మళ్ళీ కదిలింది.

“కింద క్యాజువాల్టీనుంచి యాక్సిడెంటు కేసు వస్తోంది. ఏడో బెడ్డు కూడా నీదే. ఇంకెవరూ లేరు,” అంది వెనక్కి తిరక్కుండానే. “వీలైనంతవరకు చూసుకో.”